మనుషులు లేని ఊళ్ళో మా అబ్బాయి

పెట్టె సర్దేటప్పుడు

మా బాపట్లలో అనంతపురం పేరెత్తితే జనానికి రెండే గుర్తొస్తాయి, కరువూ కక్షలూ. మొన్న వేసవి సెలవుల్లో మేం అటు వెళ్తున్నామని చెప్పగానే పక్కింటావిడ "పిల్లల్ని తీసుకునా?" అని బుగ్గలు నొక్కుకుంది. తిరిగొచ్చాక అదే ఆవిడ రోజుకోసారి వచ్చి ఏం తిన్నారు, ఏం చూశారు అని అడుగుతోంది. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను పిరికిదాన్ని. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు జ్వరానికీ, మేడమెట్లకీ, పెరట్లో నూతికీ భయపడేదాన్ని. జ్వరానికి మందు ఉండేది, నూతికి మూత ఉండేది. ఇప్పుడు సిరి ఇంటర్‌కొచ్చింది, కిరణ్‌కి పదమూడేళ్ళు. ఇప్పటి భయాలకు ఏ మూత వెయ్యాలో తెలియడం లేదు. సిరి చెవుల్లో వాక్‌మన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. కిరణ్ ఏమడిగినా "ఏం లేదు" అంటాడు. పరీక్షల ముందు ఒకరోజు వాడి చొక్కా ఉతకబోతే సిగరెట్ వాసన కొట్టింది. అడిగాను. "ఏం లేదు." అప్పట్నించి బకెట్లో వేసేముందు వాడి ప్రతి చొక్కా మొహానికి ఆనించుకుని వాసన చూడటం నాకు అలవాటైపోయింది. వాడు చూడకుండానే అనుకోండి.

మా ఆయనది కాలేజీలో ల్యాబ్ ఉద్యోగం. హాస్టల్లో ఆయనతో ఒకే గదిలో ఉండి చదువుకున్న ఓబులేసుగారు ఏళ్ళ తరబడి రమ్మంటున్నారు. ఈసారి వెళ్ళకపోతే స్నేహం చెడేలా ఉందని బయల్దేరాం. ఆయన భయాలు ఆయనవి. పెట్టెలో బట్టల కంటే ముందు దోమల కాయిళ్ళ డబ్బా పెట్టారు. ఉప్పుటేరు గాలికి పెరిగిన దోమల మధ్య పుట్టినవాళ్ళం కదా, లోకమంతా దోమలే ఉంటాయనుకుంటాం.

గుంతకల్లులో కంబళి తాత

గుంతకల్లు స్టేషన్లో రైలు మారాలి. అక్కడే మొదటిసారి ఆ ఎండ తగిలింది. మా ఎండ చెమట పట్టిస్తుంది, ఆ ఎండ చెమటను కూడా మిగల్చదు. పెదవులు పగిలిపోయాయి. ప్యాసింజరు బండిలో మా ఎదురుగా గొర్రెలు కాచే ముసలాయన ఒకాయన, ఆ వేడిలో కూడా భుజాన నల్ల కంబళితో కూర్చున్నాడు. మీసాలు చూసి నేను సిరిని నావైపు లాక్కున్నాను.

"యాడికి పోతాండారమ్మా?" అని ఆయన అడిగాడు. ఊరి పేరు చెబితే నవ్వాడు. "ఓ, ఆ ఊరా! వాన కోసరం ఊరు ఇడిచిపెట్టి పోతారే, ఆ ఊరు. సరిగ్గా ఆ దినాలకే పోతాండారే!"

మా ఆయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. కిరణ్ మాత్రం ముందుకు జరిగి "ఊరొదిలేసి ఎక్కడికెళ్తారు తాతా?" అన్నాడు. ఆ తర్వాత అనంతపురం దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. గొర్రె ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుంది, తోడేలు వస్తే ఏం చేస్తావు అని వీడి ప్రశ్నలు. కంబళి అంచున మూటకట్టిన వేయించిన చెనిక్కాయలు తాత వీడి దోసిట్లో పోశాడు. మనం వేరుశనక్కాయలంటామే, వాటినే అక్కడ అలా అంటారు. ఇంట్లో నాతో నెల రోజుల్లో మాట్లాడినన్ని మాటలు వాడు ఆ తాతతో మాట్లాడాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బయట ఎర్రనేల, రాళ్ళు, మళ్ళీ ఎర్రనేల.

అనంతపురంలో ఉగ్గాని

ఓబులేసుగారి ఉద్యోగం అనంతపురంలో. భార్యా, తల్లీ పల్లెలో ఉంటారు. మనిషి మా ఆయన కంటే జానెడు పొడుగు, మాట పెద్దది. "ఏమప్పా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చినానా!" అని స్టేషన్లో అరిస్తే కొట్లాటేమోనని నలుగురు తిరిగి చూశారు, అది ప్రేమ అని నాకు తర్వాత తెలిసింది.

పొద్దున టిఫిను బండి దగ్గర ఉగ్గాని పెట్టించారు. బొరుగులు నీళ్ళలో తడిపి పిండేసి, పోపు వేసి, పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ప్లేటు అయిదు రూపాయలు. మా వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి, వాళ్ళకది కడుపు నింపే టిఫిను. సిరి వాక్‌మన్ తీసేసి రెండో ప్లేటు అడిగింది. బజ్జీ కారానికి మా ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు.

సాయంత్రం బుక్కరాయసముద్రం చెరువు చూపిస్తానని తీసుకెళ్ళారు. అంత పెద్ద చెరువు నేను చూడలేదు. నీళ్ళు మాత్రం దూరంగా ఒక మూల చాపంత కనబడ్డాయి. మిగతాదంతా పగుళ్ళు తీసిన మట్టి, దానిమీద పిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు. "మూడేండ్లాయ వదినా, వాన సరిగా పడక" అన్నారు ఓబులేసుగారు, ఎవరిదో జబ్బు సంగతి చెప్పినట్టు గొంతు తగ్గించి. మా ఇంట్లో కాళ్ళు కడుక్కోడానికి చెంబుడు నీళ్ళు గుమ్మరించుకుంటాం. నాకెందుకో సిగ్గేసింది.

ఉరవకొండ దాటాక

పల్లె పేరు రాయను. రాస్తే వాళ్ళకిబ్బంది. ఉరవకొండలో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, కొంత నడవాలి. మట్టి మిద్దెలు, రాతి గోడలు, ఊరి వెనక గుండ్లు పేర్చినట్టు ఒక గుట్ట. ఓబులేసుగారి భార్య లక్ష్మీదేవి మా నలుగురికీ కలిపి ఒక చెంబు నీళ్ళిచ్చింది కాళ్ళకి. ట్యాంకరొచ్చేది రెండ్రోజులకోసారి. ఆ సాయంత్రం వచ్చినప్పుడు కిరణ్ ఎవరూ చెప్పకుండానే బిందె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు అందించమంటే వినబడనట్టుండే పిల్లాడు!

ఓబులేసుగారి అమ్మను అందరూ అవ్వ అంటారు. గుండ్రాయిలా ఉంటుంది మనిషి. రాగి సంగటి ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి, పల్లీల ఊరిబిండి, మన రోటిపచ్చడి లాంటిది, పెట్టి, పిల్లలు మింగడం రాక నములుతుంటే విరగబడి నవ్వింది. ఆవిడే మర్నాటి సంగతి చెప్పింది.

"రేపు పొద్దు పొడిసేలోపల ఊరు ఇడవల్ల. మనిషి, గొడ్డు, కోడి, పిల్లి గూడా ఉండకూడదు. పొయ్యిలో నిప్పుండకూడదు. దినమంతా గుట్టమీదనే. పొద్దు గూకినాంకనే తిరిగి రాల్ల."

"ఎందుకు అవ్వా?" అన్నాడు కిరణ్.

"మనం ఈడుంటే వానకు బెట్టు నాయనా. ఊరు కాలీగా ఉంటే, ఏమైనారు వీళ్ళంతా అని అదే దిగొచ్చి చూస్తాది."

మాకు వెనకగది ఇచ్చారు. ఒక గోడంతా గోనె మూటలు. అవి అమ్మేవి కావు, తినేవి కావు, విత్తనం చెనిక్కాయలు. వాన పడగానే భూమిలో వెయ్యాల్సిన కాయలని లక్ష్మీదేవి చెప్పింది. పిల్లల్ని వాటిమీద కూర్చోనివ్వలేదు. పడుకునేముందు మా ఆయన కాయిల్ డబ్బా తీశారు.

"ఒక్క దోమైనా కుట్టిందా మిమ్మల్ని?" అన్నాను.

"కుట్టాక వెలిగిస్తారా ఎవరైనా?" అన్నారు ఆయన.

కిటికీ గాలికి రెండుసార్లు ఆరిపోయిందట. నేను నిద్రలోకి జారిపోయాను. ఎక్కడ పెట్టారో చూడలేదు.

తెల్లవారకముందు తప్పెట

చీకటి ఉండగానే వీధిలో తప్పెట మోగింది. ఊరి తలారి మారెన్న కొడుతూ ప్రతి గడప ముందూ ఆగుతున్నాడు. లక్ష్మీదేవి పొయ్యిలో బూడిద తీసి తడిమట్టి మెత్తింది. దేవుడి దీపం కూడా కొండెక్కించారు. మేకలు, కోళ్ళ గంపలు, మంచం మీద మోసుకెళ్ళే ఒక ముసలాయన, అందరూ వీధిలోకొచ్చారు. మాకేమో ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నామో తెలియని హడావుడి.

పొలిమేరలో ఒక కుండ పెట్టారు. మగవాళ్ళు జేబుల్లోంచి అగ్గిపెట్టెలు, బీడీలు తీసి అందులో వేస్తున్నారు. నా కళ్ళు కిరణ్ జేబు మీదే ఉన్నాయి. వాడేమీ వెయ్యకుండా ముందుకెళ్ళాడు. లేదు కాబట్టి వెయ్యలేదా, ఉన్నా వెయ్యలేదా? తల్లి అయినవాళ్ళకే ఇలాంటి పాడు ఆలోచన వస్తుంది. చివరి మనిషి దాటాక మారెన్న దారికి అడ్డంగా వేపమండల తోరణం కట్టి, అక్కడే కూర్చున్నాడు.

గుట్టమీద నిజంగా బాగుంది. ముందురోజు చేసిన ఓళిగలు, అంటే మన బొబ్బట్లే, పెరుగు కలిపిన సంగటి, ఉల్లిపాయ. అన్నీ చల్లవే. అడగకపోయినా చేతిలో పెట్టిపోతారు. మా వీధిలో పిండివంట పంచితే గిన్నె తిరిగొచ్చిందా లేదా అని చూసుకుంటాం. ఆడవాళ్ళు నా చీర కొంగు పట్టుకుని ఇది ఏ ఊరి నేత అని ఆరా తీశారు. ధర్మవరం పట్టు తప్ప వాళ్ళ దృష్టిలో చీర కాదు. నేను మాటల్లో పడ్డాను. పిల్లలు పిల్లల్లో ఉన్నారు. కిందికి చూస్తే ఊరు బొమ్మల కొలువులో ఇళ్ళలా కదలకుండా ఉంది.

ఎండ నెత్తిమీదికొస్తుండగా ఎవరో "పొగ" అన్నారు.

పొగ

ఊరి మధ్యలోంచి సన్నగా, తెల్లగా లేచింది.  అంతమంది లేచి నిలబడి, ఒకే వైపు చూస్తున్నారు. "ఓబులేసు ఇల్లు కదప్పా అది" అంది ఒక గొంతు. ఆ మాటతో నేను పిల్లల కోసం చూశాను. సిరి కనిపించింది. కిరణ్ లేడు.

ఆడుకుంటున్న పిల్లల్ని అడిగాను. "ఎప్పుడో పాయ" అన్నారు. గుండ్ల వెనక చూశాను, చెట్టుకింద చూశాను.  నా బుర్రలో ఒకటే: చొక్కా వాసన. ఖాళీ ఊరు, ఎవరూ చూడని చోటు, సిగరెట్టు. వీడే నిప్పు పెట్టాడు. ఇంతమంది ఇళ్ళు వదిలి, పొయ్యి ఆర్పుకుని వానను పిలుస్తుంటే నా కొడుకు ఊరికి నిప్పు పెట్టాడు. ముందు ఆ భయం వచ్చింది. ఆ వెనకే రెండోది వచ్చింది, దానిముందు మొదటిది ఎందుకూ పనికిరాలేదు. పొగ ఉన్నచోటే నా కొడుకు ఉన్నాడు.

సిరి నా చెయ్యి పట్టుకుంది. 

"అమ్మా, నాన్న కాయిల్ మూటల వెనక పెట్టారు. ఆర్పలేదని తమ్ముడికి ఇక్కడికొచ్చాక గుర్తొచ్చింది. ఆర్పేసి పరిగెత్తుకొచ్చేస్తాను, ఎవరికీ చెప్పొద్దన్నాడు. వెళ్ళి చాలాసేపైందమ్మా."

మా ఆయన విన్నారు. అంత మనిషీ అక్కడే బండమీద కూలబడ్డారు. నేను ఆగలేదు. ఆ గుట్ట ఎలా దిగానో తెలియదు.

వేపమండల తోరణం

మారెన్న కర్ర అడ్డం పెట్టాడు. "పోగూడదమ్మా."

"మా అబ్బాయి లోపలున్నాడు."

"ఈ దావన పోలా. చేన్లలో పడి పోయినట్టుండాడు." అతను తోరణానికి అడ్డంగా జరిగాడు. "పోనిస్తే నన్ను ఊరు బతకనీదు తల్లీ."

అప్పటికే జనం దిగొచ్చారు. ఎవరు ఏమంటున్నారో తెలియలేదు, వినబడినవి మాత్రం మర్చిపోలేదు. "మూడేండ్లుగా మట్టి తింటాండాం. ఈ ఏడూ పోతే ఎవురు జవాబు చెప్పేది?" "పైఊరోళ్ళను పిలిస్తే ఇట్లనే అయితాది." ఇంకొకాయన, "ఒగడు పోయింది చాలదా, ఇంగోమనిషి యాల పోవల్ల?" అన్నాడు. ఓబులేసుగారు పొగనే చూస్తున్నారు. ఆ పొగ వస్తున్నది ఆయన విత్తనం కాయల మీంచి. పిలిచిన అతిథులం మేము. ఊరు ఆయనది. ఎటు తిరిగినా ఆయనకు తప్పే.

నేను తోరణం పట్టుకుని లాగబోయాను. ఒక చెయ్యి నా చేతిమీద పడింది. అవ్వ. రొప్పుతోంది.

"ఏమప్పా, మీకు బుద్ధుండాదా?" అంది, నన్ను కాదు, జనాన్ని. "బిడ్డ లోపల ఉండాడు. ఊరు కాలీ అయిందని ఎట్లంటారు? వాన వచ్చి చూస్తే మనిషి కనపడడా? వాడు బయటికొస్తేనే ఊరు కాలీ అయ్యేది. పోగూడదంటాండారు సరే, పిలవగూడదని ఎవురు చెప్పినారు? మారెన్నా, తప్పెట కొట్టు. పొద్దున ఊరిని పిలిస్తివే, అట్ల కొట్టు."

 మారెన్న కర్ర కింద పెట్టి తప్పెట మెడలో వేసుకున్నాడు.

కొట్టాడు. ఆపాడు. ఊళ్ళోంచి ఏ చప్పుడూ లేదు. పొగ నల్లగా మారింది. మళ్ళీ కొట్టాడు. నేను నోటికొచ్చిన దేవుళ్ళందర్నీ మొక్కుకున్నాను. సిగరెట్లు కాల్చనీ, నాతో మాట్లాడకుండా ఉండనీ, పరీక్ష తప్పనీ, ఏమైనా కానీ, ఆ వీధి చివర వాడు కనబడితే చాలు. మూడోసారి కొట్టి ఆపేసరికి ఎక్కడో లోపల ఖంగుమని ఒక చప్పుడైంది. ఇంకొకటి. ఎవరో ఖాళీ బిందెను బాదుతున్నారు.

"ఉండాడు" అంది అవ్వ.

కాసేపటికి వాడు నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తడం లేదు. మొహం, చేతులు మసి, చొక్కా ముందరంతా తడి. కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. తోరణం దగ్గర ఆగి, దాటొచ్చా అన్నట్టు మారెన్న వైపు చూశాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "చెప్పులేవిరా?"

"నాన్నవి వేసుకొచ్చానమ్మా. పరిగెత్తడానికి రావట్లేదని చేలో వదిలేశాను." అప్పుడు వాడు ఓబులేసుగారి వైపు తిరిగాడు. "అంకుల్, ఒక్క మూటే అంటుకుంది. పెరట్లోకి లాగేశాను. మూడు బిందెల నీళ్ళూ పోసేశాను. సారీ అంకుల్, నీళ్ళన్నీ అయిపోయాయి." అక్కడితో గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

ఓబులేసుగారు వాడిని ఎత్తుకున్నారు, పదమూడేళ్ళవాణ్ణి. "నీళ్ళు పోతే పోయినాయి లేరా" అని ఆయనే ఏడ్చారు.

పొద్దు గూకే వరకూ అందరం మళ్ళీ గుట్టమీదే ఉన్నాం. మా ఆయన ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి, కాయిల్ పెట్టింది నేను, పిల్లాడు కాదు అని చెప్పుకుంటూ తిరిగారు. కొందరు కిరణ్ చేతికి కలబంద గుజ్జు రాశారు. కొందరు మా వైపు చూడలేదు. చీకటి పడ్డాక ఊళ్ళోకొచ్చి చూస్తే పెరట్లో సగం కాలిన మూట. అవ్వ అందులోంచి ఒక కాయ తీసి వలిచి నోట్లో వేసుకుని, "బాగా వేగినాయి. తినండ్రా" అంది. మూటకు పరిహారం ఇస్తామంటే ఓబులేసుగారు మా ఆయన నోరు మూయించారు.

మర్నాడు బస్సు దగ్గర ఒకాయన, తెల్లటి తలపాగా, మెత్తగానే అన్నాడు: "పిల్లోడు మంచోడే. వానొస్తే ఎవురూ ఏమీ అనరులేమ్మా." రాకపోతే ఏమంటారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

బస్సు కదిలాక కిరణ్‌ని అడిగాను, "నాతో ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చుగా?"

"చెబితే వెళ్ళనిచ్చేదానివా?" అన్నాడు.

వెళ్ళనిచ్చేదాన్ని కాదు. నాకా సంగతి తెలుసు, వాడికీ తెలుసు.

బాపట్లలో

ఇల్లు చేరాక వాడి చొక్కా ఉతకడానికి తీశాను. ఎప్పట్లాగే వాసన చూశాను. పొగే. రెండు నీళ్ళు మార్చినా పోలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పాత సిగరెట్ వాసన సంగతేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆ భయం అలాగే ఉంది. దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది.

జూన్ వచ్చింది. మా ఊళ్ళో తొలి వాన పడింది, గుమ్మం ముందు నీళ్ళు నిలిచాయి, దోమలు లేచాయి. నాకు సంతోషం లేదు. సాయంత్రం వార్తల తర్వాత వాతావరణం చెప్పేటప్పుడు పొయ్యిమీద ఏమున్నా సరే, వంటింట్లో రేడియో దగ్గర చెవి పెట్టేదాన్ని. కోస్తా, తెలంగాణ అన్నీ చెప్పి చివర్లో రాయలసీమలో పొడి వాతావరణం అనేవాళ్ళు. ఆ తలపాగా గుర్తొచ్చేది. వాళ్ళు నా కొడుకు పేరు ఎత్తుకుంటున్నారేమో, ఆ పల్లెలో ప్రతి ఎండనూ వాడి లెక్కలోనే రాస్తున్నారేమో అనిపించేది. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. పిల్లాడు విననే కూడదు.

ఒకరోజు కూరలకెళ్ళి ఆలస్యమైంది. వార్తల సమయం దాటిపోతోందని పరిగెత్తుకుంటూ వచ్చాను. వంటింట్లో లైటు వెయ్యలేదు. కిరణ్ గట్టు పక్కన నేలమీద కూర్చుని, రేడియోను ఒళ్ళో పెట్టుకుని, శబ్దం బాగా తగ్గించి, చెవి దాని దగ్గరకు వంచి వింటున్నాడు. కుడిచేతి మీద బొబ్బల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. నన్ను చూసి దాచబోయాడు. వాడు ఎన్నాళ్ళుగా వింటున్నాడో మరి. నేను లేని పూటల్లో, నాకు తెలియకుండా, నాకు భయం పెట్టకూడదని.

నేను సంచీ కింద పెట్టి వాడి పక్కన కూలబడ్డాను. రేడియోలో ఆవిడ చెబుతోంది, రాయలసీమలో అనంతపురం, కర్నూలు జిల్లాల్లో అక్కడక్కడ జల్లులు పడ్డాయని.

కిరణ్ తలెత్తి నావైపు చూశాడు. "అమ్మా, అక్కడక్కడంటే అవ్వావాళ్ళ ఊరు కూడానా?" అన్నాడు.

అవునని చెప్పేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

"ఏమో నాన్నా, తెలీదు. రేపు మళ్ళీ విందాం."

వాడు రేడియోను ఒళ్ళోంచి తీసి మా ఇద్దరి మధ్యా పెట్టి, శబ్దం పెంచాడు.